మార్జరీ ఆంటీ చిన్న వేషాలు

మేకప్ గదిలో ఎవరో పౌడర్ డబ్బా మూత తీశారు. ఆ వాసన తగలగానే నాకు నవ్వొచ్చింది. సిడ్నీ శివారు గిరావీన్‌లో మా ఇంటి ఓనరు మార్జరీ ఆంటీ గుర్తొచ్చింది. ఎనభై దాటినా, పౌడర్ రాసుకోకుండా చెత్తబుట్ట బయట పెట్టడానికి కూడా వెళ్లేది కాదావిడ. వయసులో ఉండగా సిడ్నీ నుంచి హాలీవుడ్‌కు వెళ్లి, నలుపు తెలుపు సినిమాల్లో ఏళ్ల తరబడి నర్సులు, వంటమనుషులు, నోరున్న మేనత్తల వేషాలు వేసింది. హీరోయిన్ ఒక్కసారీ కాలేదు. అందుకు బాధపడినట్టూ కనిపించేది కాదు. గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చి ఆవిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్న నేను, మనవాళ్ల అలవాటు ప్రకారం మొదటిరోజే ఆంటీ అన్నాను. ఆవిడ పగలబడి నవ్వింది.

"సినిమాల్లో అందరికీ ఆంటీనే. కెమెరా లేకుండా పిలిచింది నువ్వే!"

నాకు నటన పిచ్చి అంటించింది ఆవిడే. యూనివర్సిటీ చదువు అయ్యాక ఒక టీవీ సీరియల్‌లో నర్సు వేషం దొరికింది. ఆపరేషన్ గది బయట పేషెంటు భార్య "ఆయన బతుకుతాడా?" అని అడుగుతుంది. నేను "బతుకుతాడు" అనాలి. అంతే. ఆ మాట అంటూ, మనందరికీ ఉన్న అలవాటే, తల అటూ ఇటూ ఊపాను. డైరెక్టరు రిహార్సల్ ఆపేశాడు. "నోరు అవునంటోంది, తల కాదంటోంది. రేపు కూడా ఇలాగే చేస్తే వేరే అమ్మాయిని పెట్టుకుంటాను" అన్నాడు. తల కదలకుండా చెబుదామంటే మాట కూడా కర్రలా బిగుసుకుపోతోంది. ఏడుపు మొహంతో ఇంటికొచ్చాను.

ఆంటీ వంటింట్లో నిలబడి, తానే ఆ భార్య అయిపోయి నన్ను అడిగింది. బతుకుతాడన్నాను. తల మళ్లీ ఊగింది.

"ఈ తల ఊపడం ఎందుకు మానాలి, పిచ్చిపిల్లా? 'ఇంతదానికే భయపడ్డావేంటమ్మా' అన్నట్టుంది! కాకపోతే ముందు మాట పూర్తిగా చెప్పు. ఆమె నమ్మేదాకా కళ్లలోకి చూడు. తల తర్వాత ఊపు."

మర్నాడు అలాగే చేశాను. భార్య వేషం వేసినావిడ ఫక్కున నవ్వి, ఆ వెంటనే బావురుమంది. స్క్రిప్టులో ఆ నవ్వు లేదు. డైరెక్టరు ఇంకో టేక్ అడగలేదు.

కొన్నాళ్లకు ఆ సీరియల్ వాళ్ల ఆఫీసు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది.

"నా పేరే గుర్తులేదట ఆంటీ! ఆ తల ఊపే నర్సు కావాలన్నారట" అని ఉడుక్కున్నాను.

ఆవిడ కుర్చీలోంచి లేచి నన్ను గట్టిగా కావలించుకుంది. "పేరు తెలియకపోయినా వెతుక్కుంటూ వచ్చారు కదా! నేను ఈ ఇల్లు కొనుక్కున్నది అలాంటి ఫోన్ల మీదే."

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు నర్సులు దాటి అమ్మలు, అత్తల దాకా వచ్చాను. మొన్న కెల్లీవిల్‌లో ఒక కొట్లో కూరగాయలు ఏరుకుంటుంటే ఒక తెలుగావిడ ఆపింది.

"సారీ అండీ, మిమ్మల్ని టీవీలో ఎక్కడో చూశాను. నేమ్ మాత్రం అస్సలు గుర్తు రావట్లేదు."

నేను పేరు చెప్పలేదు. ఆ రోజంతా గాల్లో తేలుతూ తిరిగాను.