నీలిగీతల తువ్వాలు

చిలకలూరిపేట చుట్టుపక్కల వెంకటరావమ్మ గొంతు వినని మిరపచేను లేదంటారు. ముప్పై ఏళ్ళుగా ఆమె కోతల ముఠాకి మేస్త్రి. ఇరవై మంది ఆడవాళ్ళను తెల్లారేసరికి ఆటోలో తీసుకొచ్చి చేలో దింపి, ఎవరి సాలు ఎవరిదో చెప్పి, చివరి సాలు తను పట్టేది. ఎవరైనా నీరసంగా కనబడితే తిట్టేది. తిట్టి, తన క్యారేజీలోంచి సగం అన్నం పెట్టేది. కోటప్పకొండ వైపు తిరిగి పెట్టుకునే దణ్ణం కూడా మెల్లగా ఉండేది కాదు. "సామీ, కోటేశ్వరికి నడుం నెప్పి తగ్గించు, ముఠాలో ఒక చెయ్యి తక్కువైంది" అని వీధివాళ్ళకి వినబడేలా చెప్పేది.

అంత నోరున్న మనిషి రెండేళ్ళుగా ఒక్కడి కంట పడకుండా తప్పుకు తిరుగుతోంది. అతని పేరు జక్రయ్య.

జక్రయ్య చర్చి పక్కన ఉండే కౌలురైతు. ఒకప్పుడు ఆమె ముఠా కోసిన కాయల మూటలు ఎత్తేవాడు. నోరారా "పెద్దమ్మా" అనేవాడు. ఆ పెద్దమ్మే కోర్టులో సాక్ష్యం చెప్పి అతనికి ఉరిశిక్ష వేయించింది.

ఎనిమిదేళ్ళ కిందట ఊరి చివర మోటారు షెడ్డుకి కాపలా ఉండే ముసలి దంపతులను ఎవరో చంపి, రాగితీగ పట్టుకుపోయారు. ఆ సాయంత్రం పొద్దుగూకే వేళ వెంకటరావమ్మ గేదెను తోలుకొస్తూ, షెడ్డులోంచి ఒకడు వీపున స్ప్రేయరుతో గబగబా పోవడం చూసింది. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. చేలో మందు కొట్టేవాళ్ళంతా అలాగే చుట్టుకుంటారు, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. అయితే ఆ తువ్వాలు తెల్లది, అంచున మూడు నీలిగీతలు. అలాంటిది ఆ పొద్దున్నే ఆమె జక్రయ్య భుజం మీద చూసింది. పోలీసులు అడిగితే "జక్రయ్యే" అంది. అబద్ధం ఆడలేదు, ఆమెకు ఆడటం రాదు. కోర్టులో దేవుడి మీద ప్రమాణం చేసి, "నా కళ్ళతో చూశానయ్యా" అని వరండాలో వాళ్ళకి కూడా వినబడేలా చెప్పింది. జడ్జిగారు ఉరిశిక్ష వేశారు.

కింది కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ఖాయం చేయాలి. ఆ మధ్యకాలం జక్రయ్యకు దేవుడిచ్చిన గడువు. ఆ గడువులోనే, ఒక మండుటెండ మధ్యాహ్నం, ఫిజా అనే చిన్న వయసు వకీలు వెంకటరావమ్మ ఇంటికొచ్చింది. డబ్బులేని ఖైదీల తరఫున వాదించే అమ్మాయి.

"ముఖం చూశారా అమ్మా?"

"మొహంతో పనేముంది తల్లీ, తువ్వాలు వాడిదైతే?"

"ఆ తువ్వాలు అతనికి ఎక్కడిది?"

"నాకేం తెలుసు? యాడో కొనుక్కునుంటాడు."

"ఈ ఆదివారం నాతో చర్చికొస్తారా?"

ఊళ్ళో పుట్టి పెరిగినా వెంకటరావమ్మ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ ఆదివారం కోతల పండుగ. మగవాళ్ళు గుమ్మడికాయలు, ధాన్యం బస్తాలు మోసుకొచ్చి లోపల పెడుతున్నారు. మూడు నీలిగీతల తువ్వాలు ఒకడి భుజాన. ఇంకొకడి తలకి. మరొకడు దాంతో చెమట తుడుచుకుంటున్నాడు. ఆమె ఏడింటిదాకా లెక్కపెట్టి ఆపేసింది.

"చర్చికి స్లాబు పోసిన రోజు ఊరికే పనిచేసిన వాళ్ళందరికీ ఒకే తాను చింపి తువ్వాళ్ళిచ్చామమ్మా," అన్నారు పాస్టరు యేసుపాదం గారు. "పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చారు. మొత్తం నలభై రెండు."

చర్చివాళ్ళందరికీ తెలిసిన సంగతే. కోర్టులో అడిగినవాడు లేడు. వెంకటరావమ్మ మెట్ల మీద కూలబడింది. ఎవరో గ్లాసుడు నీళ్ళు తెచ్చి చేతిలో పెట్టారు. తలెత్తి చూస్తే జక్రయ్య భార్య ప్రేమమ్మ.

"తాగండి పెద్దమ్మా. ఎండగా ఉంది," అంది ప్రేమమ్మ.

హైకోర్టు మళ్ళీ పిలిపించి అడిగినప్పుడు ఆమె చేతులు జోడించి, "నేను చూసింది తువ్వాలునయ్యా, మనిషిని కాదు," అని చెప్పింది. మిగతా సాక్ష్యాలూ నిలబడలేదు. ఆరేళ్ళ తరవాత జక్రయ్య ఇంటికొచ్చాడు. అతను వచ్చిన రోజునుంచీ వెంకటరావమ్మ అతని చేను పక్కనుండే డొంకదారి మానేసి, అరమైలు చుట్టు తిరిగి కాలవ గట్టు మీద నడుస్తోంది. తప్పు ఒప్పుకోవడానికి హైకోర్టులో వచ్చిన మాట, ఆ ఒక్కడి ముందు వస్తుందో రాదోనని ఆమె భయం.

అలాగని నోరు పూర్తిగా మూతపడలేదు. కిందటేడు రాగితీగ దొంగల ముఠా ఒకటి దొరికింది. షెడ్డు హత్యలు కూడా వాళ్ళ పనేనని పేపర్లో వచ్చింది. టీకొట్టు బల్ల మీద యలమందయ్య తొడ చరిచాడు.

"వీళ్ళనన్నా వెంటనే ఉరెయ్యాలి! కోర్టులూ గీర్టులూ ఏందసలు?"

"ఒరేయ్ యలమందా, జక్రయ్యప్పుడు కూడా నువ్విదే బల్ల మీద కూర్చుని ఇదే మాటన్నావు," అంది వెంకటరావమ్మ. "నేనూ అన్నా. నేరం రుజువైతే చచ్చేదాకా జైల్లో పెట్టమను, వద్దన్లా. తాడు మాత్రం వద్దు. నాబోటి గుడ్డిది ఇంకొకతి సాక్ష్యం చెప్పుంటే? టీ చల్లారింది, తాగు."

ఈ ఏడు మిరపకు నల్ల తామర పురుగు పట్టింది. వారం వారం మందు కొట్టాల్సి వస్తోంది. జైలునుంచి వచ్చాక జక్రయ్య ముఖానికి గుడ్డ చుట్టుకోవడం మానేశాడు. ప్రేమమ్మ బతిమాలినా వినడు. ఆ మందు పీల్చి మొన్న చేలోనే కళ్ళు తిరిగి పడిపోయాడని వెంకటరావమ్మ చెవిన పడింది. ఆ పొద్దున గట్టు మీంచి చూస్తే, మళ్ళీ ఉత్త ముఖంతో, గాలికెదురుగా కొడుతున్నాడు.

ఆమె తల తిప్పుకుంది. నాలుగడుగులు వేసింది. ఐదో అడుగు పడలేదు.

"ఒరేయ్ జక్రయ్యా! గాలికెదురు కొడతావేందిరా! మొహానికి గుడ్డేదీ? చావాలనుందా?"

స్ప్రేయరు ఇంజను మోతను దాటిపోయింది ఆ గొంతు. కొంగలు లేచాయి. అరిచింది తనేనని తెలిసి వెంకటరావమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జక్రయ్య ఇంజను ఆపి, కళ్ళ మీద చెయ్యి పెట్టుకుని చూశాడు.

"అమ్మయ్య! నోరు పెగిలిందా పెద్దమ్మా? రెండేళ్ళనుంచీ చూస్తన్నా, ఎప్పుడు తిడతావా అని!"

పెద్దమ్మా అన్నాడు. ఆమె కాళ్ళు వాటంతటవే గట్టు దిగాయి.

"నిన్ను ఉరి దాకా పంపానురా," అంది దగ్గరికొచ్చి. గొంతు మొదటిసారి చిన్నదైంది. "తప్పు నాది. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా."

"ఇప్పుడా పనులెందుకు? ఎయ్యలేదుగా."

"ఏసుంటే?"

"ఏసుంటే ఈ మాట ఎవరికి చెప్పుకునేదానివి? నా సమాధికా?" నవ్వాడు జక్రయ్య. "ఆరేళ్ళు తిరిగిరావు పెద్దమ్మా. నేనొచ్చాగా. దేవుడు అంతవరకు ఉంచాడు, చాలు. సరేగానీ, ఆ గట్టు మలుపులో మళ్ళీ తుమ్మకొమ్మ వాలింది. ఈ మందు పనితో తీరలేదు, రేపు కొట్టేస్తా. ఈ పూటకి చూసి నడువు."

వెంకటరావమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. రెండేళ్ళుగా ఆ గట్టు మీద ఒక్క ముల్లు గుచ్చుకోలేదు. కాలవ పనివాళ్ళు శుభ్రం చేస్తున్నారనుకుంది.

"నువ్వా కొట్టేది?"

"చెప్పులేసుకోవు. ఆ దారిన పోయేది నువ్వొక్కదానివి. ఇంకెవరు కొడతారు?"

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుని, వెంటనే తిట్టుకి దిగింది. "కంప కొట్టే తెలివి మొహానికి గుడ్డ కట్టుకోడానికి లేదేందిరా?"

జక్రయ్య నవ్వు తగ్గింది. "కట్టుకుంటే నేను నేనని ఎవరికి తెలుస్తది పెద్దమ్మా?"

వెంకటరావమ్మ తన తలకి చుట్టుకున్న ఎర్రగళ్ళ గుడ్డ విప్పి, గట్టిగా దులిపి, అతని ముక్కుకీ నోటికీ కలిపి వెనక ముడేసింది. తరవాత గట్టెక్కి నిలబడి, నాలుగు చేల అవతలిదాకా వినబడేలా కేకేసింది.

"ఇదుగో, అందరూ చూడండి! వీడు జక్రయ్య! తన చేలో తను మందు కొట్టుకుంటన్నాడు! మొహానికుంది నా తలగుడ్డ! ఎవరన్నా అడిగితే సాక్ష్యం నేను! ఈసారి మొహం చూసి మరీ చెబుతున్నా!"

పక్క చేలో కలుపు తీసేవాళ్ళు పడీపడీ నవ్వారు. అప్పుడే చేలోకి నీళ్ళు మోసుకొస్తున్న ప్రేమమ్మ బిందె దించి మరీ నవ్వింది. ఎర్రగళ్ళ గుడ్డ కిందనుంచి జక్రయ్య ఏదో అన్నాడు.

"ఏందిరా? సరిగ్గా చెప్పు!"

"గాలి నీ వైపు తిరిగిందంటన్నా! ఆ డొంకదారిన పో పెద్దమ్మా, దగ్గర!"