సైరన్ మోగని చలికాలం

మొన్న మేముండే కంఠేశ్వర్‌లో చక్కెర కొంటుంటే కొట్టులో నిలబెట్టిన బస్తా మీద మహారాష్ట్ర పేరు కనిపించింది. నన్ను చక్కెర ముట్టొద్దని డాక్టరు చెప్పి చాలాకాలమైంది, అది వేరే సంగతి. వచ్చేపోయే చుట్టాలకు చాయ్ పోయాలి కదా. "మన దిక్కుది లేదా భాయ్?" అంటే కొట్టాయన నవ్వి, "యాడికెల్లి వస్తదక్కా? ఫ్యాక్టరీలన్ని గాడనే ఉన్నయి గద" అన్నాడు. బోధన్ పక్కన ఎడపల్లిలో చెరుకు తోటల మధ్య పుట్టినదాన్ని, ఆ చక్కెరే కిలో పొట్లం సంచిలో వేసుకుని వచ్చేశాను.

కోసిన చెరుకు ఆగదు. ఎంత తొందరగా మిల్లులో పడితే అంత రసం, ఆలస్యమైతే ఎండి కట్టె. అందుకే ఫ్యాక్టరీ ఉన్నచోటే చెరుకు, చెరుకు ఉన్నచోటే ఫ్యాక్టరీ. మొగుడూ పెళ్లాల్లా, తిట్టుకున్నా విడిచి ఉండలేవు. చలికాలం మొదట్లో బోధన్ ఫ్యాక్టరీ సైరన్ మోగితే మా ఊళ్లో కత్తులకు సాన పట్టేవారు. గాలి ఇటు తిరిగిందంటే చెరుకు రసం మడ్డి వాసన ఇల్లంతా కమ్మేది. మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, కొంగుతో ముక్కు మూసుకునేది. ఆ వాసన ఒక్కసారి దొరికితే బాగుండునని ఇప్పుడు నా ప్రాణం కొట్టుకుంటుంది.

ఫ్యాక్టరీ మూతపడిన ఏడు ఊరంతా మహారాష్ట్ర లారీలకు చెరుకు ఎత్తింది. నాన్నను బాపు అనేవాళ్లం. బాపు మాత్రం సైరన్ మోగందే కత్తి పెట్టనని కూర్చున్నాడు. "తాళం ఏసినోళ్లే తీస్తరు, జర ఆగుండ్రి" అనేవాడు. ఆగుతూ ఉండగానే చెరుకు పూతకొచ్చింది. తెల్లటి కుచ్చులతో తోట ఎంత అందంగా ఉండేదో! పూసిన చెరుకులో రసం తగ్గుతుందని బాపుకు ఎవరూ చెప్పక్కర్లేదు. అవ్వ గట్టు మీద నిలబడి, "గా పూలు నేను కొప్పుల పెట్టుకుంటనా? ఇగ కొయ్యుండ్రి" అని ఏడ్చింది. చివరికి కోసి లారీ ఎక్కించారు, బాపు కూడా వెంట వెళ్లాడు. అక్కడి ఫ్యాక్టరీ ముందు లారీల బారులో నిలిచి నిలిచి చెరుకు ఎండిపోయింది. బాపు తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని, "వచ్చే ఏడు వరి ఏద్దాం" అన్నాడు, అంతే.

వరి బాగానే పండింది, తిండికి లోటు రాలేదు. అయినా చలి మొదలైతే బాపు పొద్దున్నే వాకిట్లోకి వచ్చి బోధన్ దిక్కు చెవి పెట్టి నిలబడేవాడు. అవ్వ చాయ్ గ్లాసు పట్టుకుని వెనకాలే నిలబడేది, పిలిచేది కాదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. పోయిన కాలం తిరిగి రాదని బాపుకు తెలియక కాదు. తెలిసినా చెవి ఎదురుచూడటం మానదు. బాపు గొంతు కోసం చూడటం నా చెవి మానిందా?