సరళ నవ్వు ముఖం

సోములమ్మ పన్నెండేళ్లుగా కూతురు సరళను వీపున మోస్తూనే ఉంది. ముంచింగిపుట్టుకు నాలుగు మైళ్ల అవతల, కొండ మీద వాళ్ల ఊరు. సరళకు ఏడాది నిండకముందే మెదడువాపు జ్వరం వచ్చింది. బతికింది గాని మాట రాలేదు, మెడ నిలవలేదు. మూతి కండరాలు బిగుసుకుపోయి, ఎప్పుడు చూసినా నవ్వుతున్నట్టే ఉండేది. ఏడవడం ఆ పిల్లకు చేతకాదు. భర్త పోయాక సోములమ్మ పిల్లను కాఫీ తోటలో గోనెపట్టా మీద పడుకోబెట్టి పండ్లు కోసేది.

2003 వానాకాలంలో సరళ తిండి మానేసింది. చోడిపిండి అంబలి నోట్లో పోస్తే పక్కనుంచి కారిపోయేది. మూడు వారాల్లో ఎముకలు తేలాయి. సోములమ్మ రెండుచోట్ల చూపించింది. "నవ్వుతోంది కదమ్మా" అని రెండుచోట్లా టానిక్కు ఇచ్చి పంపారు. మూడోసారి ఎవరో చెబితే జీపెక్కి ఒక మిషన్ ఆస్పత్రికి వెళ్లింది.

"ఏటయిందమ్మా?" అంది నర్సు ఉమామహేశ్వరి.

"నాకేటి తెలుస్తాది సిస్టరమ్మా. దీనికి నోరు నేదు. నేను అలిసిపోనాను." సోములమ్మ బెంచీ మీద కూలబడింది.

నర్సు సరళ వేలికి బట్టల క్లిప్పులాంటిదొకటి తగిలించింది. దాని తీగ చివర చిన్న పెట్టెలో ఎర్ర అంకెలు వెలిగాయి.

"గుండె ఎంత బేగి కొట్టుకుంటందో ఇది సెప్తాది. నొప్పెడితే పెరుగుతాది. బయమేసినా పెరుగుతాదనుకో. ఈ గుంట కుదుటపడ్డాక సూద్దాం."

పావుగంటకు అంకె తొంభై ఆరు దగ్గర నిలిచింది. నర్సు పొట్ట నొక్కింది. తొంభై ఏడు. తుంటి కదిపింది. తొంభై అయిదు. ఎడమ దవడ మీద వేలు పెట్టగానే నూట ముప్పై నాలుగు. వేలు తీస్తే మెల్లగా దిగింది. మళ్లీ పెడితే మళ్లీ ఎక్కింది. సరళ ముఖం నవ్వుతూనే ఉంది.

డాక్టరు వచ్చి పిల్ల నోరు తెరిచి టార్చి వేసి చూశాడు. వెనక పన్ను పుచ్చి చీము పట్టింది.

"రోజూ ఆ బుగ్గే గట్టిగా పట్టి అంబలి పోసినాను," అంది సోములమ్మ.

"నీకు తెలీదు కదమ్మా," అంది నర్సు.

"తల్లిని. తెలవాల కదా."

మత్తిచ్చి పన్ను తీశారు. మూడో రోజు సరళ గంజి మింగింది. గిన్నె ఖాళీ అయ్యాక సోములమ్మ మంచం పక్కన నేల మీద ఒరిగి, మధ్యాహ్నం నుంచి మర్నాటి పొద్దుటి దాకా నిద్రపోయింది. ఆమెను ఎవరూ లేపకుండా నర్సు చూసుకుంది.

వెళ్లేరోజు ఉమామహేశ్వరి సోములమ్మ వేళ్లు పట్టుకుని సరళ మెడ పక్కన నాడి మీద పెట్టింది. "పెట్టె ఇవ్వలేను. లెక్కెట్టక్కర్లేదు. కుదురుగా ఉన్నప్పుడు ఎలాగుంటాదో నీ వేలికి తెలిస్తే సాలు."

సరళ ఇంకో ఆరేళ్లు బతికింది. ఒకసారి చెవిపోటు, ఒకసారి విరిగిన కాలు సోములమ్మే ముందు కనిపెట్టింది. కొన్నిసార్లు పొరపడింది కూడా.

పిల్ల పోయిన కొన్నాళ్లకు, అదే ఊళ్లో పక్షవాతంతో మాట పడిపోయిన ముసలి యర్రయ్య కోడలు వచ్చింది. "మా మావ ఏటీ సెప్పనేడు. ఓసారి సూద్దువు గాని రా వదినా."

సోములమ్మకు లేవబుద్ధి కాలేదు. అయినా వెళ్లింది. ముసలాయన మెడ మీద వేళ్లుంచి ఒళ్లంతా తడిమి చూసింది. వీపు కింద చెయ్యి పెట్టగానే నాడి పరుగెత్తింది. పక్కకు తిప్పి చూస్తే అరచేతంత పుండు.

"డాక్టరుకి సూపించండి," అని చెప్పి, ఇంటికొచ్చి పడుకుంది.