కిటికీల వాస్తు

ఎనభైల చివర్లో నూజివీడు దగ్గర ఒక మామిడి రసం ఫ్యాక్టరీలో యునిక్స్ కంప్యూటర్ పెట్టారు. దాన్ని చూసుకునే ఉద్యోగం నాది. తెర ఎలా కనిపించాలో మమ్మల్నే తేల్చుకోమన్నారు, మిషను అమ్మినవాళ్లు. ఉత్త అక్షరాలు ఒక రకం. సన్నగీతల విండోలు ఇంకో రకం. ఉబ్బెత్తు బటన్లు, నీడలు, నానా ఆర్భాటం మూడో రకం. మిషనుకున్న మెమరీకి అక్షరాలే ఎక్కువని మొత్తుకున్నాను. యజమాని చెవికెక్కలేదు. నిగనిగ చూసి కాయ కొనేవాళ్లను చూసి జీవితమంతా నవ్విన మనిషి, నిగనిగ చూసి మూడోదే కావాలన్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. విండో అంటే ఏంటని అడిగితే, కిటికీ అని చెప్పిన తెలివితక్కువవాణ్ని నేనే. మర్నాడు సిద్ధాంతి దిగాడు. తెర పైభాగం ఉత్తరమని ఆయనే తేల్చాడు. ఈశాన్యంలో గడియారం తప్ప ఏమీ ఉండకూడదు. నైరుతిలో బరువుండాలి కాబట్టి సరుకు నిల్వల విండో అక్కడ. లారీలు కదిలేవి కనుక గేటు చీటీలు వాయవ్యంలో, అగ్గిపెట్టంత. నేను చదివిన చదువంతా సిద్ధాంతి వేలు చూపిన చోటికి విండోలు జరపడానికి పనికొచ్చింది.

ఆ అగ్గిపెట్టెలో పని చేయాల్సినవాడు గేటు గుమాస్తా. యాభై దాటాడు, సోడాబుడ్డి కళ్లద్దాలు. రెడ్డిగూడెం తోటల్లో కాయలు కోసే ఇంట్లో పుట్టి, టైపు నేర్చుకుని ఆ కుర్చీ దాకా వచ్చాడు. మిషను మీద చీటీలు కొట్టలేకపోతే సీజన్ మధ్యలోనే ఆ కుర్చీ తన బావమరిదికిస్తానని యజమాని అతని మొహం మీదే చెప్పాడు. ఆ బావమరిదికి కీబోర్డుకీ హార్మోనియంకీ తేడా తెలియదు.

మే నెల వచ్చింది. ఒక్కో చీటీకి తెర గిలగిల్లాడేది. లారీలు రోడ్డు దాకా నిలిచాయి, బుట్టల్లో కాయ ఉడుకుతోంది. గుమాస్తా తెరకు ముక్కు ఆనించి అక్షరాలు వెతుక్కునేవాడు. ఆ ముసలాయన్ని చూసి నాకు ఏడుపొచ్చింది, యజమానిని చూసి ఒళ్లు మండింది. కానీ నోరు విప్పలేదు. నా ఉద్యోగం నాకు ముద్దు.

ఒక మధ్యాహ్నం లారీలు చకచకా కదిలాయి. ఏమైందోనని యజమాని లోపలికొచ్చాడు, వెనకే బావమరిది. తెరంతా ఒకటే నల్లటి పలక, పెద్ద పెద్ద ఉత్త అక్షరాలు.

"ఏవయ్యా, కిటికీలేవి?" అన్నాడు యజమాని.

గుమాస్తా లేచి నిలబడ్డాడు. "మూసేశానండీ. వడగాడ్పులు కదండీ."

యజమాని బయటి ఎండ వైపు చూశాడు, తెర వైపు చూశాడు. ఫ్యాక్టరీలో నిజం కిటికీలన్నీ పొద్దున్నే ఆయనే మూయించాడు. "సరే, ఎండలు తగ్గాక తెరువు," అని వెళ్లిపోయాడు.

నా మెమరీ లెక్కలతో కానిది గుమాస్తా ఒక్క మాటతో అయింది. సిగ్గేసింది.

తొలకరి పడింది. తెరవమని ఎవరూ అడగలేదు. ఆ కుర్చీలో గుమాస్తానే కూర్చున్నాడు.