దొరగారి పేము తోట

ఫిజీ దీవిలో, రాకిరాకి చెరకు తోటలో మా తెల్లదొరని అందరం కుళంబరు అనేవాళ్లం. ఒక వానాకాలం ఆయన బెత్తం విరిగిపోయింది. ఎవరి వీపు మీద విరిగిందని అడక్కు, దాంట్లో చాలామందికి వాటా ఉంది. కొత్త బెత్తం కోసం అడవి నుంచి నిలువెత్తు పేము తీగ తెప్పించాడు. దాని కణుపులు చూశాక ఆయనకో ఆలోచన తట్టింది. చెరుక్కీ కణుపులే, దీనికీ కణుపులే. ముక్కలు కోసి పాతితే బెత్తాల తోటే లేస్తుందనుకున్నాడు. చెరకు తప్ప మరో మొక్క మొహం చూడని మనిషి మరి.

అప్పటికి నా మొగుడు జ్వరంతో పోయి మూడు నెలలు. చంటిపిల్ల చంకలో ఉంది. చెరకు కొట్టేటప్పుడు దాన్ని గోనెపట్టా మీద ఎండలో పడుకోబెట్టేదాన్ని. గండుచీమలు దాని చెవులు కొరికేవి. పేముకి నీళ్లు పోసే మనిషి కావాలని మా కూలీల మేస్త్రీ సర్దారు కేకేస్తే అందుకే ముందు నేనే లేచాను. వాగు పక్కన పని, పిల్లకి నీడ. పైగా మా నాన్న మా ఊళ్లో కొండ దిగువన పేము బుట్టలు అల్లినవాడు.

వెళ్లి చూద్దును కదా, నీడ లేని ఎండలో చాళ్లు తీసి, తీగని చెరకు ముచ్చెల్లాగా ముక్కలు చేసి పాతేశారు.

"ఇది ముచ్చెలకి మొలవదు బాబూ. గింజెయ్యాల," అన్నాను.

"దొరకి నువ్వు సెప్తావేటే?" అన్నాడు సర్దారు. ఆయనదీ మా సీకాకుళం వైపే. చేతిలో కర్ర పడ్డాక ఊరు మర్చిపోయాడు.

"నేనెందుకు సెప్తాను. కుళ్లినప్పుడు అదే సెప్తాది."

నెల తిరక్కుండా కుళ్లింది. తప్పు నా నీళ్లదన్నారు. సోమవారానికి ఒక్క మొక్కైనా కనపడకపోతే మళ్లీ చెరకులోకే పొమ్మన్నారు.

ఆదివారం పిల్లని వీపున కట్టుకుని వాగు వెంట అడవిలోకి పోయాను. ముదురు తీగల కింద గడ్డిపోచల్లాంటి పిల్ల మొక్కలున్నాయి. మట్టిగడ్డతో సహా పెకలించాను. పండిన కాయలు కూడా ఏరుకున్నాను, వాటి పైతోలు పాముపొలుసులా ఉంటుంది. ఆ రోజే పొలుసు ఒలిచి, గుజ్జు ఇసకతో రుద్ది కడిగి, చెట్ల నీడలో ఆకుమట్టిలో వేశాను. గింజ ఎండిందా, చచ్చిందే. తడి ఆరకూడదు, నీరు నిలవకూడదు. దొరగారి చదువులో ఇదేదీ లేదు.

సోమవారం ఆ పిల్ల మొక్కల్ని, చాళ్లలోంచి నీడకి మార్చి నాటినట్టు చూపించాను. దొర సంతోషించాడు, తన ముచ్చెలే మొలిచాయనుకుని. గింజలు కొన్ని నెలలకి మొలిచాయి. అవీ ఆయన గొప్పే అయ్యాయి.

పేము మొదట్లో కాండం వెయ్యదు. ఏళ్ల తరబడి ముళ్ల దుబ్బులా కూర్చుంటుంది. ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

లైన్లలో, అంటే మా కూలీల గదుల వరసల్లో, పక్కగది మనిషి ఒకనాడు కుండ దించుతూ అంది: "మన ఈపులకి మనమే బెత్తాలు పెంచుతున్నామా వొదినా? నీళ్లు బాగా పొయ్యి, గట్టిగా తగలాల."

అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిస్తే సాయంత్రానికి లైనంతా పాకుతుంది. తల దించుకుని పోయాను. ఆమె రెండేళ్లు నాతో మాట్లాడలేదు.

ఏటా కోతలప్పుడు సర్దారు వచ్చేవాడు. "బెత్తమేదే?"

"ముల్లొచ్చింది బాబూ. ముల్లు ముందొస్తాది."

"పై ఏడు?"

"పై ఏడు సూద్దాం."

ఆయన పోయి దొరకి పై ఏడని చెప్పేవాడు. నా పిల్ల ఆ నీడలోనే బోర్లాపడింది, పాకింది, నడిచింది. చీమ కుట్టలేదు.

గిర్మిట్, అదే మా కూలి ఒప్పందం, తీరిన రోజు మూట కట్టుకుంటుంటే సర్దారు వచ్చాడు. మొక్కలు మోకాలెత్తున కూడా లేవు.

"నిజం సెప్పు. ఇది బెత్తం ఎప్పుడవుతాది?"

"సెట్టు పట్టుకుని పైకెక్కాల బాబూ. ఇంకా శానా ఏళ్లు."

"నీకు ముందే తెలుసా?"

"పేమంటే మా ఇంటి పని కదా బాబూ."

కర్ర ఎత్తాడు. ఎత్తి దించేశాడు. దొరకి చెబితే ఇన్నేళ్లూ నువ్వేం చూశావని తననే పట్టుకుంటాడు.

"మరి ఈటికి నీళ్లెవరు పోస్తారే?"

"పాలు తాగే పిల్లున్న తల్లినెవరినైనా ఎట్టండి బాబూ. ఆళ్లకి ఓపికెక్కువ."

మర్నాడు పక్కగది మనిషి కోడల్ని పెట్టాడు. ఆమెకి రెండు నెలల కొడుకు.