తూర్పు కిటికీ

మా ఊరి ఇండ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. జమ్మలమడుగు దారిన పోయేవాళ్లు ఎంత గట్టి కట్టడాలో అని మెచ్చుకుంటారు. గట్టివే. వీధి వైపు ఒక్క కిటికీ ఉండదు. మిద్దె మీద పిట్టగోడ మనిషెత్తు, వచ్చేవాడిని కనిపెట్టడానికి అందులో సందులు. రెండు వర్గాల కొట్లాటలో పార్టీల పేర్లు ఎన్నిసార్లు మారినా గోడల తీరు మారలేదు. ఇక్కడ ఇంటి కొలతలు భయమే చెబుతుంది.

ఆ గోడలు కట్టిన మేస్త్రీ నతానియేలు. ఎవరింట్లో పనిచేసినా ఆ ఇంటి గుట్టు బయటపెట్టకూడదనేది మా వైపు కట్టుబాటు. అందుకే ఆయన పెండ్లిళ్లలో కూడా నోరు విప్పేవాడు కాదు. ఒక వర్గానికి పెద్దయిన మల్లికార్జున మిద్దె కట్టిందీ ఆయనే. దానికి చేలవైపు తప్పించుకుపోయే దొడ్డివాకిలి ఉందని తెలిసిన కొద్దిమందిలో ఆయనొకడు.

నతానియేలు భార్య లీలమ్మ జమ్మలమడుగు మిషన్ బడి పంతులు కూతురు. పుట్టింట్లో పెద్ద కిటికీ పక్కన కూర్చుని బైబిలు చదువుకుంటూ పెరిగింది. ఇక్కడ గడపలో కూర్చుని చదివేది. వీధిలో కొత్తమనిషి కనబడితే పుస్తకం మూసి, తలుపేసుకుని చీకట్లో కూర్చునేది. కిటికీ కావాలని ఒక్కనాడూ అడగలేదు. ఆయనకే చూసి చూసి మనసు కష్టమైంది. ఎన్నికల ముందు ఆమె పుట్టింటికి పోయినప్పుడు ప్రొద్దుటూరు నుంచి చట్రం తెచ్చి తూర్పు గోడకు కిటికీ పెట్టాడు. పొద్దుటి ఎండ ఆమె ఒడిలో పడాలనుకున్నాడే గాని, అందులోంచి మల్లికార్జున దొడ్డివాకిలి కనబడుతుందని ఆలోచించలేదు. ఊరంతటికీ కిటికీల్లేని గోడలు కట్టిన మనిషి సొంతింటి దగ్గర ఏమరుపాటుగా ఉన్నాడంటే ఎవరు నమ్ముతారు?

మరునాటి నుంచి ఆయన టీ అంగడికి పోతే మాటలు ఆగిపోయేవి. అవతలి వర్గంతో కలిశాడని గుసగుసలు పుట్టాయి. మల్లికార్జున పిలిపించాడు.

"నా ఇల్లు కట్టినోడివి. నా దొడ్డివాకిలి దిక్కు చూసే కిటికీ ఎవురికోసరం పెట్టినావప్పా?"

"మా ఇంటామె చదువుకునేదానికి అన్నా. వెలుతురు లేక శానా ఇబ్బంది పడతాంది."

పెండ్లాం చదువుకోవడానికి గోడ పగలగొట్టిన మగవాడిని మల్లికార్జున ఎన్నడూ చూడలేదు. పొద్దుగూకేలోగా మూయకపోతే మనిషి మిగలడని మెల్లగా చెప్పి పంపాడు.

నతానియేలు చట్రం పీకి ఇటుకలు పేరుస్తుండగా లీలమ్మ బస్సు దిగి వచ్చింది. ఊరి మాటలు దారిలోనే ఆమె చెవిన పడ్డాయి. చేతిసంచి దించకుండానే తలుపేసి గడియ పెట్టింది.

"ఎవురికోసరం పెడితివి?"

"నీకోసరమే" అన్నాడు నతానియేలు. అంతకంటే చెప్పడం ఆయనకు చేతకాలేదు.

"నేను ఎప్పుడైనా అడిగితినా?" అంది లీలమ్మ. "ఆ మాట వాళ్లకు చెప్పుకో. నాకు నిజం చెప్పు."