వెండెల్ తేల్చుకోలేకపోయిన మానిఫోల్డు

వెండెల్ హ్రుస్కా ఏ పనీ తొందరపడి చేసే మనిషి కాదు. కొత్త బూట్లు కావాలంటే నెబ్రాస్కా రాష్ట్రంలోని ఆర్డ్ ఊళ్ళోని కొట్టుకు మూడుసార్లు వెళ్ళొచ్చేవాడు. అతని భార్య ఆర్డిత్ తీరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. పెళ్ళి మాట ఎత్తింది కూడా ఆమే. "నువ్వు అడిగేదాకా ఆగితే నా పళ్ళూడిపోతాయి" అని ధాన్యం గిడ్డంగి దగ్గర పదిమందిలో అనేసింది.

పిల్లలు లేరు. రెండు ఆడగుర్రాలుండేవి. ప్రతి జూలైలోనూ వాటిని ట్రైలర్‌లోకి ఎక్కించి, ట్రక్కుకు తగిలించి, నెబ్రాస్కా దాటి వయోమింగ్ కొండల్లోకి వెళ్ళేవారు. అక్కడొక సరస్సు దగ్గర వారం రోజులు డేరా వేసుకునేవారు. ఆ ఏడాది మాత్రం సరస్సు దాకా పోలేదు. కొండ ఎక్కుడు దారిలో సగం పైకి వెళ్ళాక ట్రక్కు ఇంజిన్ పొగలు కక్కి ఆగిపోయింది. ఆర్డిత్ గుర్రాలను దించి చెట్ల నీడకు నడిపించింది. నడుస్తూ రెండుసార్లు ఆగి కడుపు పట్టుకుంది. వెండెల్ చూడలేదు. అతని తల బోనెట్టు కింద ఉంది.

అక్టోబరులో ఒమాహా నగరంలోని డాక్టరు ఆర్డిత్ క్లోమానికి కాన్సర్ అన్నాడు. వచ్చే వేసవి గురించి అడిగితే బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. ఇంటికొచ్చాక వెండెల్ బట్టలు మార్చుకుని షెడ్డులోకి వెళ్ళి, ఇంజిన్ దించడం మొదలుపెట్టాడు.

అది ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజిన్. ఊళ్ళో లేత్ పని చేసే మైలో, ఆర్డిత్ తమ్ముడు, సిలిండర్లు బోరింగ్ చేసి కొత్త పిస్టన్లూ, గాలి కవాటాలను తెరిచే కొత్త క్యామ్‌షాఫ్టూ వేశాడు. క్రిస్మస్ నాటికి అన్నీ కూర్చడం అయిపోయింది, ఇన్‌టేక్ మానిఫోల్డు తప్ప. కార్బొరేటర్ కింద కూర్చుని, గాలినీ పెట్రోలునూ సిలిండర్లన్నిటికీ పంచే పోత ముక్క అది. పాతది పగిలిపోయింది. కేటలాగులో రెండు రకాలున్నాయి. పొట్టిది ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడే బలం ఇస్తుంది, బరువులకు అదే సరి. పొడుగుది వేగం మీద విజృంభిస్తుంది, మెల్లగా పోయేటప్పుడు నీరసం. ట్రైలర్ లాగే బండికి ఏది పెట్టాలో మైలో ఒక్క మాటలో చెప్పాడు. వెండెల్ వినలేదు. కొలతలు తీసుకున్నాడు, కాగితాల మీద గీతలు గీశాడు, నాలుగు ఊళ్ళ కొట్లకు ఫోన్లు చేశాడు. షెడ్డులోకి ఫోను తీగ కూడా లాగించుకున్నాడు.

ఆర్డిత్ మంచం ముందు గదిలోకి మార్చారు. జనవరిలో ఒక మధ్యాహ్నం ఆమె అతని కోటు తొడుక్కుని, మంచులో నడుచుకుంటూ షెడ్డుకు వచ్చింది.

"ఇంకా తేలలేదా?"

"పొట్టిది పెడితే ఎక్కుడు బాగా ఎక్కుతుంది. కానీ మైలో వేసిన కొత్త క్యామ్‌షాఫ్టుకి అది చాలినంత గాలి ఇవ్వదేమోనని."

"అయితే పొడుగుది పెట్టు. బొమ్మలో మెరుస్తోంది, చూడ్డానికి బాగుంది."

"అది పందేల బళ్ళకి. గుర్రాల్ని లాగడానికి పనికిరాదు."

"సరే, పొట్టిదే పెట్టు."

"అంత తేలికైతే ఎప్పుడో పెట్టేవాణ్ణిగా."

ఆమె బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. కాసేపు ఊపిరి తీసుకుని అంది: "ముసలాడా, నాకు ఏదైనా ఒకటే. ఏదో ఒకటి బిగించెయ్. లోపలికొచ్చి నా దగ్గర కూచో."

"నువ్వు పద, చలిగా ఉంది. ఈ ఒక్కటీ చూసి వస్తా."

గంటన్నర తర్వాత వెళ్ళాడు. ఆమె నిద్రపోతోంది.

ఫిబ్రవరి రెండో వారంలో, పొద్దున పదింటికి, గ్రాండ్ ఐలాండ్ ఊరి కొట్టువాడితో ఫోనులో మాట్లాడుతున్నాడు. "బండి ఎంత బరువు లాగాలండీ?" అని అవతలివాడు అడిగాడు. తలెత్తేసరికి, అప్పటిదాకా ఇంట్లో అక్క దగ్గర కూర్చున్న మైలో షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది.

"ఫోను పెట్టెయ్, వెండెల్" అన్నాడు.

ఆర్డిత్‌ను సమాధి చేశాక చర్చి ఆడవాళ్ళు పంది మాంసం, కొలాచీలనే తీపి రొట్టెలు వడ్డించారు. వెండెల్ రెండూ తిన్నాడు, ఏం తిన్నాడో తెలియకుండానే. షెడ్డుకు తాళం వేశాడు. గుర్రాలు ఊరి అవతల ఒక కుటుంబానికి వెళ్ళిపోయాయి.

మే నెలలో మైలో వచ్చి వంటగదిలో కూర్చున్నాడు. ఇద్దరూ కాఫీ తాగారు. వెండెల్ అడిగాడు.

"ఆ పొద్దున నా కోసం అడిగిందా?"

మైలో కప్పు బల్ల మీద తిప్పాడు. "అడిగింది. పిలుచుకొస్తానన్నా. వద్దంది. పని మీదున్నాడు, ఉండనీ అంది."

"కోపంగానా?"

"లేదు. మామూలుగానే."

కోపంగా అని ఉంటే బాగుండునని వెండెల్‌కు అనిపించింది. అప్పుడు చెప్పాడు, బల్లను చూస్తూ: "నాకు మొదటిరోజే తెలుసు మైలో. పొట్టిదే కావాలని. అది బిగిస్తే ఇంజిన్ పూర్తయిపోతుంది. షెడ్డులో ఇంకేం పనుంటుంది? ఆ గదిలోకి వెళ్ళి ఆమెను చూస్తూ కూచోవాలి. నా వల్ల కాలేదు."

"నేను కూచున్నా కదా" అన్నాడు మైలో. ఓదార్పుగా అందామనుకున్నాడు. కానీ అక్కచెల్లెళ్ళలో ఆమె ఒక్కతే అతనికి మిగిలి ఉండింది. మాట నిందలా వచ్చింది. లేచి వెళ్ళిపోయాడు.

మరునాడు మాత్రం పొట్టి మానిఫోల్డు తనే తెచ్చాడు. ప్యాకింగ్ వేసి, బోల్టులు వరసగా బిగించడానికి ఒక పూట చాలింది. ట్రక్కులోకి ఎక్కించాక ఇంజిన్ రెండో తిప్పుకే అందుకుంది. నవ్వుదామని ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మానేశారు.

జూలైలో వెండెల్ ఖాళీ ట్రైలర్ తగిలించుకుని ఒక్కడే కొండలకు బయలుదేరాడు. ఎందుకని మైలో అడగలేదు. ఎక్కుడు దారి మొత్తం ఇంజిన్ ఒక్కసారైనా మూలగలేదు. పైకి చేరాక సరస్సు కనిపించింది. ఒడ్డున ఎవరో పిల్లలతో దిగి ఉన్నారు. వెండెల్ బండి దిగకుండా కాసేపు చూసి, వెనక్కు తిప్పుకున్నాడు.

"బాగా లాగిందా?" అన్నాడు మైలో, తిరిగొచ్చిన రోజున.

"లాగడానికి బరువేదీ?" అన్నాడు వెండెల్.

ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. ట్రైలర్ అమ్మలేదు. ఇరుగుపొరుగు దూడలనూ గడ్డి మోపులనూ దానిలోనే చేరవేసి పెట్టేవాడు. భోజనానికి పిలిస్తే, చేస్తున్న పని అక్కడే వదిలేసి, చేతులైనా కడుక్కోకుండా వచ్చేస్తాడని మైలో భార్య కసిరేది. గ్రీజు చేతులతోనే బల్ల దగ్గర కూర్చునేవాడు.